నలభయ్యో పేరు

మా ఊరు ఆలేరు దగ్గర. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాను, పది ప్రైవేటుగా కట్టాను. పదహారో ఏట భువనగిరిలో ఒక ప్రెస్సులో కంపోజింగు నేర్చుకున్నాను. తరవాత సీసం అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ప్రెస్సులు పోయి పబ్లిషింగ్ కంపెనీలు వచ్చాయి. మా కంపెనీ మాదాపూర్ నుంచి కోకాపేటకు మారింది. పని ఎటు పోతే నేనూ అటు పోయాను. ఇప్పుడు పదిహేడో అంతస్తులో, పడమటి అద్దం పక్కన కూర్చుంటాను. ఆఫీసులో నన్ను రామచంద్రం గారు అంటారు. మాట తక్కువ మనిషి అని కూడా అంటారు. అది నిజమే.

మా పని చెప్పడం కష్టమేమీ కాదు. ఎవరో ఒకరు మాకు ఎక్స్‌ఎంఎల్ ఫైలు పంపుతారు. అందులో ప్రతి సంగతికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉంటాయి. ఇది పేరు, ఇది జిల్లా, ఇవి మార్కులు అని. మా వాళ్లు రాసిన స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాల చిట్టా, ఆ ఫైలును చదివి, వరుసలో పెట్టి, పేజీలుగా మారుస్తుంది. పేజీలు బయటికి పోవాలంటే ఒక కాగితం మీద మూడు సంతకాలు పడాలి. స్క్రిప్టు రాసినవాళ్లది ఒకటి, తనిఖీ చేసినవాళ్లది ఒకటి, టీమ్ లీడ్‌ది ఒకటి. నడిమి గడి నాది. ఆ కాగితం కూడా పేజీలతో పాటే క్లయింటుకు పోతుంది.

నేను కంపెనీ మనిషిని కాను, కాంట్రాక్టు మనిషిని. ఏడాదికోసారి కొత్త కాగితం రాయాలి. ఈసారి నెలాఖరుతో పాతది అయిపోతుంది. కొత్తది రాయాలా వద్దా అన్నది మా లీడ్ ఉదయ్ భాస్కర్ గారి చేతిలో ఉంది. యాభై రెండేళ్లవాడికి, పది పాసైనవాడికి, ఈ అద్దాల మేడల్లో ఇంకొకరు కుర్చీ వేస్తారన్న భ్రమ నాకు లేదు.

ఈ నెలలో వచ్చిన పని నర్సుల జాబితా. నర్సులను ఉద్యోగాల్లోకి తీసుకునే ఒక సంస్థ పంపింది. నలభై ఆరు వేల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. జిల్లాలవారీగా, ఎక్కువ మార్కులవాళ్లు పైన ఉండేటట్టు వరుస వెయ్యాలి. మార్కులు సమానమైతే ముందు దరఖాస్తు పెట్టినవాళ్లు ముందు. ఆ షరతు వాళ్లే రాసి ఇచ్చారు. అయితే దరఖాస్తు ఏ తేదీన, ఏ గంటకు వచ్చిందో ఫైలులో లేదు. వచ్చినవి వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి చేర్చి ఇచ్చారు. ఎవరు ముందో చెప్పడానికి ఆ వరుస ఒక్కటే సాక్ష్యం.

మా పాత స్క్రిప్టు వరుస తప్పేది కాదు గాని మూడున్నర గంటలు తీసుకునేది. ఫైలు రోజుకు రెండుసార్లు మారుతుంది, పది నిమిషాల్లో కావాలి అని క్లయింటు అడిగారు. ఆ పని సంయుక్తకు ఇచ్చారు. సంయుక్తది భీమవరం, చేరి రెండేళ్లయింది. చురుకైన పిల్ల. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. మొదట్లో వేళాకోళానికి పిలిచింది, తరవాత అదే అలవాటైంది.

ఆమె ఉదయ్ భాస్కర్ గారు చెప్పిన దారిలో పోయింది. ఫైలును ఎనిమిది ముక్కలు చేసి, ఎనిమిది మెషీన్లకు పంచి, ఒక్కొక్క ముక్కనూ విడివిడిగా వరుస పెట్టించి, చివర కలిపేసింది. ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఉదయ్ గారు నిలబడి చప్పట్లు కొట్టారు. పైవాళ్లకు అప్పుడే మెయిల్ పెట్టారు. సమోసాలు తెప్పించారు. టెస్టింగులో అన్నీ పచ్చగుర్తులే వచ్చాయి. మార్కులు పై నుంచి కిందికి దిగుతున్నాయా, దిగుతున్నాయి. జిల్లాలు కలవలేదు కదా, కలవలేదు. మనుషులు తగ్గలేదు కదా, తగ్గలేదు.

శుక్రవారం పొద్దున సంతకానికి కాగితం నా బల్ల మీదికి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి క్లయింటుతో కాల్, అందులో ఆ స్క్రిప్టు నడిపి చూపిస్తారు.

నాకొక పాత అలవాటు ఉంది. ప్రెస్సులో రెండు ప్రూఫులు పోల్చాలంటే అక్షరం అక్షరం చదివేవాళ్లం కాదు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఆనించి వెలుగుకు పట్టేవాళ్లం. రెండూ ఒకటే అయితే అచ్చు నల్లగా, శుభ్రంగా కనబడుతుంది. ఎక్కడ తేడా ఉంటే అక్కడ అలుక్కుపోయినట్టు ఉంటుంది. నేను ఆ జాబితాను రెండుసార్లు నడిపాను. అదే ఫైలు, అదే స్క్రిప్టు. ఒక్కొక్క జిల్లాకూ మొదటి పేజీ ప్రింటు తీసి, జత జతగా అద్దానికి ఆనించాను. ఎనిమిది పేజీలు శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదో పేజీ నడుమ తొమ్మిది వరుసలు అలుక్కుపోయాయి.

అది ఖమ్మం జిల్లా. అరవై ఎనిమిది మార్కులు వచ్చినవాళ్లు తొమ్మిది మంది. ముప్పై ఆరు నుంచి నలభై నాలుగు దాకా వాళ్లే. ఒక కాగితంలో నలభయ్యో పేరు సెలీనా. రెండో కాగితంలో నలభయ్యో పేరు కిరణ్మయి. ఖమ్మానికి ఉద్యోగాలు నలభై.

మిగతా పేజీలన్నీ అట్లాగే పట్టి చూశాను. మార్కులు సమానమైన చోటల్లా అలుకుడే.

కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎనిమిది మెషీన్లలో ఏది ముందు పని ముగిస్తే దాని మనుషులు సమానుల్లో ముందు నిలబడుతున్నారు. ఏ మెషీను ఎప్పుడు ముగిస్తుందో ఎవరికీ తెలియదు. వాళ్లు దరఖాస్తు ఎప్పుడు పెట్టుకున్నారన్నది ముక్కలు చేసినప్పుడే పోయింది.

సంయుక్తను పిలిచి అద్దం దగ్గర నిలబెట్టాను. ఖమ్మం పేజీలు రెండూ వెలుగుకు పట్టాను. చూసింది. వెళ్లి మూడోసారి నడిపింది. నలభయ్యో పేరు పుణ్యవతి అని వచ్చింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, తల మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను మార్కులే చూశాను బాబాయ్" అంది.

అందరూ అవే చూశారు. ముక్కలు చేసే ముందు ఒక్కొక్కరికీ వరుస నంబరు వేస్తే సరిపోతుందేమో అంది కాసేపటికి. సరిపోతుంది. అసలు ముక్కలు ఎందుకు అని అడిగాను. నలభై ఆరు వేలంటే కంప్యూటరుకు గుప్పెడు. వరుస పెట్టడం ఆలస్యం కావట్లేదు, వెతకడం ఆలస్యమవుతోంది అన్నాను. ఆమెకు వెంటనే ఎక్కలేదు. ముందు లీడ్‌కు చెబుదామని లేచింది.

ఉదయ్ భాస్కర్ గారు చెడ్డవాడు కాదు. తెల్లాపూర్‌లో ఉంటారు, పిల్లల పుట్టినరోజుకు అందరికీ మిఠాయి తెస్తారు. అయితే ఆరు నిమిషాలని పైకి చెప్పేశారు. సంయుక్త చెప్పింది మొత్తం విన్నారు. వచ్చే వారం చూద్దామన్నారు. ఇవాళ కాల్ అవనీమన్నారు. కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి ఆయనే వచ్చారు.

"సమానం అంటే సమానమేనండి రామచంద్రం గారూ. అందరికీ అరవై ఎనిమిదే. ఎవరు పైనుంటే ఏంటి?"

"నలభై ఉద్యోగాలు సార్. నలభై ఒకటో మనిషికి లేదు."

"అది వాళ్లు చూసుకుంటారండి."

"వాళ్లు చూసుకునే రాసిచ్చిండ్రు. ముందొచ్చినోళ్లు ముందు అని."

"మీరు స్క్రిప్టు రాయలేదు కదా. మీ పని పేజీ చూడటం."

"పేజీనే చూసిన సార్."

చుట్టుపక్కల కీబోర్డుల చప్పుడు ఆగింది. ఆయన గొంతు తగ్గించారు. నెలాఖరు దగ్గర పడిందని, నా కాంట్రాక్టు కాగితం తన బల్ల మీదే ఉందని, తనిఖీ గడిలో ఇంకొకరితో సంతకం పెట్టించడం తనకు పెద్ద పని కాదని అన్నారు.

"పెట్టించుకోండి సార్" అన్నాను. "నాది మాత్రం పెట్ట."

ఆయన కాగితం అక్కడే వదిలేసి వెళ్లారు. దాని మీద నా పేరు ముందే అచ్చయి ఉంది. ఇంకొకరి పేరుతో కొత్త కాగితం తయారు చెయ్యాలంటే క్వాలిటీ వాళ్లను అడగాలి, వాళ్లు ఎందుకని అడుగుతారు. అందుకే వదిలేశారు. నేను మెత్తబడతానని కూడా అనుకుని ఉంటారు.

తిండి వేళ ఇంటికి ఫోన్ చేశాను. మేము నిజాంపేటలో, హాస్టళ్ల సందులో కిరాయికి ఉంటాం. నా భార్య సత్తెమ్మ మొత్తం విన్నది. కాంట్రాక్టు సంగతి కూడా చెప్పాను. కుక్కరు కూత వినబడింది.

"పెట్టకుంటే పెట్టకు. గని పెట్టి, గా మొకమేసుకొని ఇంటికి రాకు" అంది. నేను పరేషాన్‌లో ఉన్నానని గొంతులో పట్టేసింది. పెరుగు తెమ్మని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మూడింటికి అందరం గాజు గదిలో కూర్చున్నాం. కాల్‌లో అవతల విమల గారు. ఆ సంస్థలో నియామకాలన్నీ ఆమె చూస్తారు. అంతకుముందు ఇరవై ఏళ్లు దవాఖానలో నర్సుగా చేశారట. ఉదయ్ గారు తెర మీద స్క్రిప్టు నడిపించారు. గడియారం పెట్టారు. అయిదు నిమిషాల యాభై సెకన్లు. విమల గారు సంతోషించారు. జిల్లాలు ఒక్కొక్కటే తెరిపించి చూశారు. ఖమ్మం వచ్చింది. నలభయ్యో పేరు పుణ్యవతి.

అన్నీ బాగున్నాయని, సాయంత్రానికి వెబ్‌సైటులో పెట్టేద్దామని ఆమె అన్నారు. సంతకాల కాగితం వచ్చేస్తుందని ఉదయ్ గారు అన్నారు. నా వైపు చూడలేదు.

ఈ కంపెనీకి వచ్చిన ఆరేళ్లలో నేను ఏ కాల్‌లోనూ నోరు తెరవలేదు. మైకు ఎట్లా తెరుస్తారో కూడా సరిగ్గా తెలియదు. సంయుక్త ముందున్న మైకును నా దిక్కు జరుపుకున్నాను.

"మేడం, నేను రామచంద్రం. తనిఖీ నాది. గదే ఫైలు ఇంకోసారి నడిపియ్యండి."

ఉదయ్ గారు బల్ల కింద నా మోకాలును తట్టారు. విమల గారు ఎందుకని అడిగారు.

"ఖమ్మం నలభయ్యో పేరు రాసుకోండి. రాసుకొని నడిపియ్యండి."

అది ఆరు నిమిషాల పని. నాకు ఒక్కటే భయం. మెషీన్లు ఈసారి అదే వరుసలో ముగిస్తే అదే పేరు వస్తుంది. వస్తే ఇక నా మాట ఎవరూ వినరు, నా కాగితం సంగతి సరేసరి. అద్దం అవతల ఔటర్ రింగు రోడ్డు మీద లారీలు చీమల్లా పోతున్నాయి. వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను. డెబ్బై రెండో లారీకి తెర మీద పేజీ వచ్చింది.

నలభయ్యో పేరు కిరణ్మయి. పుణ్యవతి నలభై మూడుకు పోయింది.

ఉదయ్ గారు ఏదో మొదలుపెట్టబోయారు. ఆమె ఆపారు.

"వీళ్లలో అసలు ఎవరు ఉండాలి అక్కడ?"

గదిలో మిగతావాళ్లకు అది తెలియదు. నేను చిన్న కాగితం తీశాను. పొద్దున వాళ్లు పంపిన ఫైలే తెరిచి తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే వెతికి రాసుకున్నాను.

"ఇద్దరూ కాదు మేడం. సెలీనా అని ఒకామె ఉంది. మీ ఫైల్ల మూడు వేల నూట ఏడో మనిషి. కిరణ్మయి తొమ్మిది వేలు దాటినంక ఉంది. పుణ్యవతి ఇంకా ఎనక. మీ షరతు లెక్కన సెలీనాకు నలభై రావాలె. గిప్పుడు ఆమె నలభై రెండుల ఉంది."

"ఆ పిల్లలు ఒక్క మార్కుకు ఎంత ఏడుస్తారో నాకు తెలుసు" అన్నారు విమల గారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. జాబితా ఆపమన్నారు. సరిగ్గా వచ్చేది ఎప్పుడు ఇస్తారని అడిగారు. ఉదయ్ గారు సోమవారం అనబోయారు. నేను ఆరింటికి అన్నాను.

కాల్ అయిపోగానే ఉదయ్ గారు లేచి వెళ్లిపోయారు. తలుపు కొంచెం గట్టిగా మూసుకుంది.

నేను, సంయుక్త కూర్చున్నాం. టైపు చేసేది ఆమె. పొద్దున ఎక్కని మాట ఇప్పుడు విప్పి చెప్పాను. మా ప్రెస్సులో అక్షరాలకు చెక్క కేసు ఉండేది, దాంట్లో గళ్లు. పాత పేజీ విప్పగానే ఏ అక్షరం ఆ గడిలో పడాలి. ఆ పని ఒక్కసారే. తరవాత 'క' కావాలంటే చెయ్యి దాని గడికే పోతుంది. గళ్లు లేకుండా మొత్తం సీసం బల్ల మీద కుప్ప పోసి, ఒక్కొక్క అక్షరానికీ కుప్పంతా కెలికితే పేజీ ఎప్పటికి అవుతుంది? మన పాత స్క్రిప్టు అదే చేస్తోంది అన్నాను. ఒక్కొక్క జిల్లాకూ నలభై ఆరు వేల మందినీ మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. అంతటితో ఆగదు. ఒక్కొక్కరికి నంబరు వెయ్యడానికి వెనక్కి తిరిగి, తనకన్నా పైన ఎంతమంది ఉన్నారో మళ్లీ లెక్కపెడుతుంది. అయిదు వందలో మనిషికి అయిదు వందల సార్లు వెనక్కి చూడటం.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగాయి. "మేము దాన్ని ఎనిమిది మంది చేత కెలికించాం" అంది.

గళ్లు కట్టింది. జిల్లా పేరు చెబితే నేరుగా ఆ జిల్లా మనుషుల దగ్గరికి పోయేటట్టు, మొదట్లోనే ఒక్కసారి అందరినీ పంచేసింది. వచ్చిన వరుసలోనే గడిలో పడతారు. ఆ తరవాత ఒక్కొక్క గడినీ ఒక్కసారి మార్కులను బట్టి వరుస పెట్టమంది. సమానమైనవాళ్లను ఆ వరుస కదిలించదు, వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉంటారు. నంబరు కోసం వెనక్కి చూడటం తీసేసి, పేజీ మీద పెట్టుకుంటూ పోయేటప్పుడే ఒకటి, రెండు, మూడు అని వేసింది. పాత దానిలో అరవై లైన్లు పోయాయి. కొత్తగా చేరినవి పదకొండు.

ఒక్క మెషీను మీద నడిపింది. డెబ్బై సెకన్లు.

ఆమె నమ్మలేదు. ఏదో వదిలేశానేమోనని మనుషులను లెక్కపెట్టించింది. నలభై ఆరు వేలూ ఉన్నారు. మళ్లీ నడిపింది, మళ్లీ నడిపింది. ప్రింట్లు తీసి, నేను లేవకముందే తనే అద్దం దగ్గరికి పోయింది. పొద్దు పడమటికి దిగి, కాగితాల్లోంచి ఎర్రగా వస్తోంది. ఖమ్మం పేజీ మీద తొమ్మిది వరుసలూ నల్లగా, సూదితో గీసినట్టు ఉన్నాయి. నలభయ్యో పేరు సెలీనా.

అయిదున్నరకు నేను నడిమి గడిలో సంతకం పెట్టాను. ఉదయ్ గారు కింది గడిలో పెట్టారు. పెన్ను నొక్కిన తీరుకు కాగితం వెనక కూడా అచ్చు పడింది.

సోమవారం పొద్దున నన్ను తన గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు. క్లయింటు ముందు లీడ్‌ను దాటి మాట్లాడటం ఎంత పెద్ద సంగతో చెప్పారు. పైవాళ్లు అడుగుతున్నారట. మొదటి వెర్షన్‌లో లోపం ఉందా, ఉంటే ముందు ఎందుకు చూడలేదు అని. దానికి ఆయన ఒక దారి వెతికారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాల మెయిల్ రాసి ప్రింటు తీసి పెట్టారు. నా పేరుతో పోవాలి. పద్ధతి నాకు సరిగ్గా తెలియక శుక్రవారం అపార్థం చేసుకున్నానని, మొదటి వెర్షన్‌లో లోపమేమీ లేదని, కొత్తది వేగం కోసమే చేశామని ఉంది. మూడుసార్లు చదివాను. నాకు ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది గాని సరిగ్గానే వస్తుంది.

ఆ కాగితం పక్కనే నా కాంట్రాక్టు ఉంది. ఆయన దాచలేదు. ఏడాదికి రాసి ఉంది, సంతకం చోటు ఖాళీ.

"జాబితా సరిగ్గానే పోయింది కదండి. ఆ అమ్మాయికి ఉద్యోగం వస్తుంది. ఇప్పుడు మీరు ఇది రాస్తే ఎవరికి నష్టం?" అన్నారు.

ఆయన మాటలో నిజం కొంత ఉంది. నేను కొంచెంసేపు ఆలోచించాను కూడా. రేపు ఇంకొకరు ఇట్లాగే ముక్కలు చేస్తారు. ఆ పద్ధతిలో లోపం లేదని నా పేరు మీద రాసి ఉంటుంది. దాన్ని చూపిస్తారు.

"అపార్థం చేసుకోలేదు సార్ నేను" అన్నాను.

"ఒక్క మెయిలండి."

"మెయిల్ రాస్త సార్."

ఆయన కుర్చీలో కొంచెం సడలారు. నేను లేచి నా బల్ల దగ్గరికి వచ్చాను. ఆయన ఇచ్చిన నాలుగు వాక్యాలను పక్కన బోర్లించాను. శుక్రవారం పొద్దున తీసిన ఖమ్మం పేజీలు రెండూ, తరవాత తీసిన మంచి పేజీ ఒకటీ స్కాన్ చేసి జత పెట్టాను. తెలుగులోనే రాశాను.

'మొదటి వెర్షన్ ప్రతిసారీ వేరే మనిషిని నలభయ్యో చోట పెట్టింది. పేజీలు జతపరిచాను, చూడండి. నేను చూసిందే చెప్పాను. దీని మీద సంతకం అడిగితే పెట్టలేదు. మళ్లీ అడిగినా పెట్టను. రామచంద్రం, తనిఖీ.'

ఎవరికి పోవాలన్న చోట ఉదయ్ గారి పేరు పెట్టాను. ఆయన పైవాళ్ల పేర్లు పెట్టాను. విమల గారిది పెట్టాలా అని ఆగాను. ఆమె అడిగినప్పుడు సమాధానం చెప్పింది నేనే కదా. పెట్టాను. పంపాను.

తరవాత లిఫ్టు దిగి, రోడ్డు దాటి, బండి మీద చాయ్ తాగాను. ఎండ బాగా ఉంది. ఇంకొకటి పొయ్యమన్నాను.